ఫోటోలు బావున్నాయండీ, ఎప్పుడు వెళ్ళాలో కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ జిల్లా పేజీలో మన చుట్టుపక్కల చూడాల్సిన చోట్లు అని సగం పేజీ ఫోటోలు వేశారు కదండీ, చూసి చాలా సంతోషమేసింది. ఆ పేజీ కట్ చేసి మా కౌంటర్ బల్ల మీద అద్దం కింద పెట్టేశా, వచ్చినవాళ్ళందరూ అదే చూస్తున్నారు. కానీ అందులో అసలు విషయం ఒకటి లేదు. ఏ చోటికి ఏ నెలలో వెళ్ళాలి, పొద్దున వెళ్ళాలా సాయంత్రం వెళ్ళాలా, ఇప్పుడు అక్కడ నీళ్ళున్నాయా, పక్షులున్నాయా, అది మాత్రం ఎక్కడా రాయలేదు. గుడి అయితే ఎప్పుడెళ్ళినా దేవుడు అక్కడే ఉంటాడు, వాగులూ పక్షులూ అలా కాదు కదండీ. వేళ తప్పి వెళ్తే అక్కడ చూడటానికేం ఉండదు, వెళ్ళినవాళ్ళు "ఏముందండీ అక్కడ, పెట్రోలు దండగ" అని పది మందికి చెప్తారు, ఆ చోటుకి చెడ్డపేరు.

మాది పొన్నూరు దగ్గర పల్లెటూరు. నేనూ మా ఆయనా రోడ్డు మీద చిన్న హోటల్ నడుపుతున్నాం, కింద టిఫిన్లు భోజనాలు, పైన కొన్ని రూములు, వెనకంతా పొలాలే. రిసార్ట్ లాంటి హంగులేం లేవు గానీ శుభ్రంగా ఉంటుందని హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ ఫ్యామిలీలు వస్తుంటారు, పెళ్ళిళ్ళకి వచ్చినవాళ్ళు, అమెరికా నుంచి పిల్లల్ని తీసుకొచ్చి అమ్మమ్మగారి ఊరు చూపించేవాళ్ళు, ఇలా. అందరూ అడిగేది ఒకటే, "ఆంటీ, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేసేలా ఇక్కడేమున్నాయి?" అని. వాళ్ళ ఫోన్లో వెతికితే సూర్యలంక వస్తుంది, తర్వాత అమరావతి, దుర్గమ్మ గుడి, అంతే. అందుకని నాకు తెలిసినవి ఇక్కడ రాస్తున్నా, మీరు వీలైతే వేయండి, లేదంటే కనీసం మీ రిపోర్టర్లకి పనికొస్తాయి.

ముందు ఉప్పలపాడు సంగతి చెప్తా, ఎందుకంటే గుంటూరు వాళ్ళకే దాని గురించి సరిగ్గా తెలీదు. టౌన్‌కి ఎనిమిది కిలోమీటర్లు కూడా ఉండదేమో, పెదకాకాని మండలం. ఊళ్ళో చెరువు, చెరువు మధ్యలో తుమ్మ చెట్లు, ఆ చెట్ల నిండా గూడబాతులూ పెయింటెడ్ స్టార్క్‌లూ (రంగురెక్కల కొంగలు). అంత దగ్గర్నించి గూడు, గూట్లో పిల్లలు కనపడే చోటు మన వైపు ఇంకోటి లేదు. చలికాలంలో వెళ్ళాలి, అదీ సాయంత్రం నాలుగు దాటాక. పగలంతా మేతకి పోయిన పక్షులు అప్పుడు గుంపులు గుంపులుగా తిరిగొస్తాయి, రెక్కలు కదపకుండా పైనే రెండు మూడు చుట్లు తిరిగి అప్పుడు దిగుతాయి. గూడబాతు పిల్లలు తల్లి గొంతు కింద సంచిలోకి తలంతా దూర్చేసి చేపలు తింటాయండీ, మొదటిసారి చూసిన పిల్లలు అది మింగేస్తోందేమో అని భయపడతారు. ఎండ గట్టిగా ఉన్న రోజు స్టార్క్ గూళ్ళు చూడాలి, తల్లి రెక్కలు బార్లా చాపి పిల్లల మీద నీడ పట్టి అలాగే నిలబడుతుంది, మనం చూస్తున్నంతసేపూ కదలదు. నాకు ఎన్నిసార్లు చూసినా గుండె నిండిపోతుంది. రెట్టల వాసన మాత్రం ఉంటుంది, ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంటే ఐదు నిమిషాల్లో అలవాటైపోతుంది. అక్కడ గట్టిగా అరవకూడదు, స్పీకర్లు పెట్టకూడదు, గూళ్ళ మీదకి డ్రోన్లు ఎగరేయకూడదు, పెళ్ళి ఫోటోషూట్ల వాళ్ళకి ఇది ఎవరన్నా గట్టిగా చెప్పాలి. ఇదే చోటికి నడివేసవిలో మిట్టమధ్యాహ్నం వెళ్తే పచ్చటి నీళ్ళూ చెట్లూ తప్ప పెద్దగా ఏం కనపడదు, ఎక్కడో చూసిన ఫోటోలో ఉన్నన్ని పక్షులు లేవని మా రూముల్లో దిగిన ఒకాయన నా మీద కోప్పడ్డాడు కూడా.

పక్షుల మీద ఇష్టం ఉన్నవాళ్ళు కొల్లేరు కూడా వెళ్ళొచ్చు, మాకు దూరమే గానీ విజయవాడలో దిగినవాళ్ళకి గుడివాడ మీదుగా కైకలూరు వెళ్ళి అక్కడి ఆటపాక పక్షుల కేంద్రం చూసి సాయంత్రానికి హాయిగా వచ్చేయొచ్చు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీళ్ళ సరస్సు, 2002లో ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ లిస్టులో చేర్చారు, 2006లో ఆపరేషన్ కొల్లేరు అని అక్రమ చేపల చెరువుల గట్లు కొట్టేశారు, ఆ గొడవంతా మీ పేపర్లోనే చదివాం. ఆటపాకలో గూడబాతులు గూళ్ళు పెట్టుకోటానికి చెట్లు చాలక ఇనప స్టాండ్లు పెట్టారు, వాటి మీదే కాపురం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి టైము.

ఇక సముద్రం. సూర్యలంక గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు, మా ఊరి నుంచి గంటలోపే, బాపట్ల దాటితే తొమ్మిది కిలోమీటర్లు. ఆదివారాలూ, కార్తీకమాసమూ అస్సలు వద్దు అంటాను నేను, కార్తీక పౌర్ణమికి అక్కడ ఇసకేస్తే రాలనంత జనం. మామూలు రోజున తెల్లారగట్ల బయల్దేరి ఆరింటికల్లా అక్కడుంటే సరుగుడు తోటల్లోంచి గాలి, ఒడ్డున వలలు లాగే వాళ్ళు, ఎండెక్కేలోపు తిరిగొచ్చి మా దగ్గర పెసరట్టు తినొచ్చు. కానీ ఇక్కడ నేను చేతులెత్తి దణ్ణం పెట్టి చెప్పేదొకటుంది. ఒడ్డున మోకాలి లోతే కదా అని లోపలికి పోతారు చూడండి, ఇసక కింద గుంతలుంటాయి, అవి కూడా నిన్నున్న చోట ఇవాళ ఉండవు, కెరటం తిరిగిపోయేటప్పుడు కాళ్ళ కింద ఇసక లాగేసి మనిషిని లోపలికి తీసుకెళ్తుంది. ప్రతి ఏడూ చదువుకునే పిల్లలు పోతున్నారండీ, మీరే వార్త వేస్తారు, మర్నాడు మళ్ళీ అదే చోట ఇంకో బ్యాచ్ దిగుతుంది. చీకటి పడ్డాక నీళ్ళలోకి దిగొద్దని మా కౌంటర్లో రాసి పెట్టాం. తుఫాను హెచ్చరిక ఉన్న రోజుల్లో అయితే నేను అసలు వెళ్ళనివ్వను, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరే కదా, ఆ గాలి మాకు ఇంకా గుర్తుంది. మీరు వాతావరణం వార్తలో విజయవాడ ఎండ ఎంత, గుంటూరు ఎండ ఎంత అని వేస్తారు గానీ సూర్యలంకలో, వాడరేవులో ఇవాళ అలలు ఎలా ఉంటాయో ఒక్క లైను వేయరు.

నన్నడిగితే సూర్యలంక కంటే హంసలదీవి వెళ్ళమంటాను. రేపల్లె మీదుగా పెనుమూడి పులిగడ్డ వంతెన దాటి అవనిగడ్డ, కోడూరు, ఆ దారే ఒక అందం, రెండు పక్కలా వరి, తర్వాత రొయ్యల చెరువులు, తర్వాత చవిటి నేల, ఇళ్ళు తగ్గిపోతాయి, ఆకాశం పెద్దదైపోతుంది. వేణుగోపాలస్వామి గుడి దగ్గర్నించి ఇంకాస్త ముందుకెళ్తే పాలకాయతిప్ప, అక్కడ సముద్రం. మహారాష్ట్రలో పుట్టి, శ్రీశైలం, సాగర్, మన బ్యారేజీ అన్నీ దాటొచ్చిన కృష్ణమ్మ కలిసేది ఆ పక్కనే. మాఘ పౌర్ణమికి జనం స్నానాలకి వస్తారు, ఆ రోజు తప్ప మిగతా రోజుల్లో ప్రశాంతంగా ఉంటుంది. ఆ చుట్టుపక్కలంతా మడ అడవులు, కృష్ణా అభయారణ్యం కింద వస్తాయి. మడ చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేళ్ళు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, బురదలో గాలి ఉండదు కాబట్టి చెట్టు వాటితోనే ఊపిరి పీల్చుకుంటుంది. పిల్లలకి పుస్తకంలో చెప్పేదానికంటే అక్కడ వంగి చూపిస్తే జన్మలో మర్చిపోరు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఎన్ని వేల మంది పోయారో మన పెద్దవాళ్ళకి తెలుసు, మడ అడ్డున్న చోట కెరటం జోరు కాస్త తగ్గిందని ఆ వైపు ముసలివాళ్ళు ఇప్పటికీ చెప్తారు. అందుకే ఆ చెట్లని చూడటానికి వెళ్ళినవాళ్ళు కొమ్మ విరవకుండా, ప్లాస్టిక్ గ్లాసులు పారేయకుండా రావాలి.

ఇంకోటండీ, జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసకలో గుంట తవ్వి గుడ్లు పెడతాయి, ఒక్కో తల్లి వంద దాకా పెడుతుంది. అటవీశాఖ వాళ్ళు ఆ గుడ్లు తెచ్చి కంచె వేసిన చోట మళ్ళీ పాతిపెట్టి కాపాడతారు, నెలన్నర దాటాక పిల్లలు బయటికొస్తే సముద్రంలోకి వదుల్తారు. అరచేతిలో పట్టేంత పిల్ల ఇసక మీద పాక్కుంటూ నీళ్ళ వైపే పోతుంది, ఒక కెరటం వచ్చి వెనక్కి తోసేస్తుంది, మళ్ళీ లేచి అటే పోతుంది. ఇంత గొప్ప విషయం మనకి రెండు గంటల దూరంలో జరుగుతుంటే ఎప్పుడు వదుల్తారో ముందురోజు పేపర్లో రాదు, వదిలేశాక మర్నాడు ఫోటో వస్తుంది. ముందు తెలిస్తే స్కూళ్ళ వాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళరా చెప్పండి. మరీ జనం ఎక్కువైతే తాబేళ్ళకి ఇబ్బంది అంటారేమో, ఇంతమందికే అని టోకెన్లు ఇవ్వొచ్చు కదా.

కొండలు ఇష్టమున్నవాళ్ళకి కొండవీడు. రెడ్డిరాజుల కోట అని అందరికీ తెలుసు, 1515లో కృష్ణదేవరాయలు గెలిచింది ఇదే, కానీ కోట కథ పక్కన పెట్టి వట్టి కొండ కోసం కూడా వెళ్ళొచ్చు. కొండ మీద మూడు చెరువులు, ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు, వానలు పడ్డాక నిండుగా ఉంటాయి. ఇప్పుడు ఘాట్ రోడ్డు పడింది, పెద్దవాళ్ళు కూడా కారులో పైదాకా పోవచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారం దాకా కొండ పచ్చగా, పొద్దున పూట మంచుతో ఎంత బావుంటుందో, సీతాఫలాల కాలం కూడా అప్పుడే. మార్చి వచ్చిందంటే రాయి కాలిపోతుంది, గుంటూరు ఎండల సంగతి మీకు చెప్పాలా. నీళ్ళు మనమే పట్టుకెళ్ళాలి, కోతులుంటాయి కాబట్టి తినేవి చేత్తో పట్టుకుని తిరగకూడదు. కోటప్పకొండ కూడా దగ్గరే, అయితే శివరాత్రికి ప్రభలు చూడటానికి వెళ్ళాలి గానీ కొండగాలి కోసం వెళ్ళేవాళ్ళు ఆ వారం వదిలేసి వేరే రోజు చూసుకోవాలి.

విజయవాడ పక్కన కొండపల్లి అడవి గురించి కూడా రాయండి. బొమ్మలు కొనుక్కుని వచ్చేస్తారు గానీ ఆ బొమ్మలు చేసే తెల్లపొణికి చెట్టు ఆ కొండల్లోదే, ఆ అడవి తగ్గిపోతే బొమ్మకి కర్ర ఎక్కడిది. మూలపాడు దగ్గర సీతాకోకచిలుకల పార్కు ఉంది, అది వానలు పడ్డాక పొద్దున తొమ్మిదీ పదీ మధ్య వెళ్తేనే, ఎండ కాస్త తగిలాక అవి ఎగురుతాయి. భవానీ ద్వీపం అయితే బోట్లు తిరుగుతున్నాయో లేదో కనుక్కుని వెళ్ళాలి, పైనుంచి వరద వచ్చి బ్యారేజీ గేట్లు ఎత్తితే బోట్లు ఆపేస్తారు, 2024 సెప్టెంబరులో పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు ద్వీపమే మునిగింది. బోటు ఎక్కడెక్కినా లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే దిగిపొండి అని మా దగ్గర దిగినవాళ్ళందరికీ చెప్తాను, 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు, కార్తీకమాసం ఆదివారం, సరదాగా వచ్చిన కుటుంబాలు. అది మర్చిపోకూడదు.

దూరం పర్వాలేదు అనేవాళ్ళకి ఎత్తిపోతల జలపాతం. గుంటూరు, సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, మాచర్ల మీదుగా వెళ్ళాలి, తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరితే తప్ప సాయంత్రానికి రాలేరు, మేం రాత్రే పులిహోర, పెరుగన్నం క్యారియర్లో కట్టి పెడతాం. చంద్రవంక వాగూ, నక్కల వాగూ, తుమ్మల వాగూ కలిసి డెబ్భై అడుగుల పైనుంచి పడతాయి, కింద మడుగులో మొసళ్ళుంటాయి కాబట్టి దూరం నుంచి చూడటమే, స్నానాలు కుదరవు. అక్కణ్ణించి సాగర్ పదకొండు కిలోమీటర్లు. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియం కూడా చూడొచ్చు, శుక్రవారం సెలవు, అది తెలీక వెళ్ళి ఒడ్డున కూర్చుని వచ్చినవాళ్ళు ఉన్నారు. పోయిన వేసవిలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కుటుంబం ఎవరో పెట్టిన వీడియో చూసి మే నెలలో ఎత్తిపోతల వెళ్ళారు, ముసలి తల్లిదండ్రుల్ని కూడా తీసుకుని, నేను వద్దంటే వినలేదు. వీడియోలో ఉన్నది సెప్టెంబరు వరద, వీళ్ళకి కనపడింది రాళ్ళ మీద సన్నగా కారే నీళ్ళు. ఆ పెద్దావిడ రాత్రికి వడదెబ్బ లాగా అయ్యి మా రూములోనే పడుకుండిపోయింది, మజ్జిగలు, ఓఆర్ఎస్‌లు ఇస్తూ మేం తెల్లవార్లూ కూర్చున్నాం.

దీనికి మీరు చేయగలిగింది ఉందండీ, అందుకే ఇంత రాశా. వానాకాలంలో మీరు రోజూ శ్రీశైలం మట్టం ఇంత, సాగర్ మట్టం ఇంత, ఇన్‌ఫ్లో ఇంత అని వేస్తారు కదా, రైతుల కోసం. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, అది దగ్గర పడి పైనుంచి ఇంకా నీళ్ళొస్తుంటే గేట్లు ఎత్తుతారని మేం ఆ లెక్క చూసే మా దగ్గర దిగినవాళ్ళకి చెప్తుంటాం, 26 గేట్లూ ఎత్తిన రోజు చూస్తే జన్మ ధన్యం. అలాగే ప్రతి శుక్రవారం నాలుగు లైన్లు వేయండి. ఉప్పలపాడులో పక్షులున్నాయా, ఆటపాకలో బోటు తిరుగుతోందా, ఎత్తిపోతలలో నీళ్ళెలా ఉన్నాయి, సూర్యలంకలో దిగనిస్తున్నారా. మీ మండల రిపోర్టర్లు ఆ ఊళ్ళలోనే ఉంటారు, ఒక ఫోను చాలు. ఫోటో చిన్నదైనా పర్లేదు, ఆ ఫోటో ఏ నెలలో తీసిందో కింద వేయండి.

ఇంకో సంగతి అధికారులకి మీ ద్వారా. కొత్తగా గాజు వంతెనలూ రోప్‌వేలూ అడగటం లేదు. మెయిన్ రోడ్డు మలుపు దగ్గర తెలుగులో ఒక బోర్డు, దాని మీద ఎన్నింటికి తెరుస్తారు, ఎన్నింటికి మూస్తారు, ఏ నెలలు మంచివి. ఆడవాళ్ళకి నీళ్ళున్న బాత్రూము. నేను వెళ్ళిన ఒక చోట కట్టించారు, రంగులేశారు, తాళం వేశారు, తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు, వెంట వచ్చిన ఆడపిల్లలు ఊళ్ళో తెలీని వాళ్ళ ఇంటి తలుపు కొట్టాల్సొచ్చింది. పొద్దున్నించి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా ఆపుకుని తిరిగితే అది విహారయాత్ర ఎలా అవుతుంది. బస్సుల సంగతి కూడా, కారు లేనివాళ్ళు హంసలదీవి వెళ్తే చివరి బస్సు ఎన్నింటికో అక్కడెక్కడా రాసి లేదు, ఆటోవాళ్ళు చెప్పిందే రేటు.

మా లాంటి చిన్న హోటళ్ళ వాళ్ళకి కూడా ఒక మాట. రూము నిండాలని ఏ కాలమైనా "వెళ్ళండి సార్ చాలా బావుంటుంది" అనకండి. ఇప్పుడు బాలేదు, పౌర్ణమి దాటాక రండి, వానలు పడ్డాక రండి అని చెప్తే వాళ్ళు నిజంగానే మళ్ళీ వస్తారు, మాకు వస్తున్నారు.

ఈ ఉత్తరం మీకు చేరేసరికి ఉప్పలపాడులో పిల్లలు ఇంకా గూళ్ళలోనే ఉంటాయి, హంసలదీవి వైపు తాబేళ్ళు వచ్చే కాలం కూడా ఇదే. కాబట్టి వచ్చే శుక్రవారం నుంచే మొదలుపెట్టండి, మా మండలం సంగతులు ఏవన్నా కావాలంటే మీ రిపోర్టర్ గారు మా హోటల్‌కి వస్తే నేనే చెప్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పొన్నూరు మండలం, గుంటూరు జిల్లా